కుడివైపు తలుపు

కౌజు పిట్టకు భయమేస్తే పక్కకు పరుగెత్తదు. నిట్టనిలువునా పైకి లేస్తుంది. పైన ఏముందో చూసుకోదు. ఇనుప జాలీ ఉంటే నెత్తి చిట్లుతుంది, చెక్క ఉంటే మెడ విరుగుతుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మొదట్లో చచ్చిన పిట్టల నెత్తి మీద ఎండిన రక్తం చూసి నేనే తెలుసుకున్నాను. పిట్టల గురించి నాకు తెలిసినవన్నీ అలా నష్టపోయి తెలుసుకున్నవే. మనుషుల గురించి తెలుసుకున్నదీ అలాగే అంటే మా ఇంట్లో వాళ్లకు కోపం వస్తుంది. రానీ.

మాది సోమందేపల్లె నుంచి లోపలికి పోయే దారిలో ఒక చిన్న ఊరు. నేను కాపురానికి వచ్చేసరికి మా అత్తగారింట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లు. మల్బరీ తోట, దానికొక బోరు, పురుగుల కోసం పొడవాటి గది, ఆ గది నిండా వెదురు తట్టలు పెట్టుకునే చెక్క స్టాండ్లు. తొంభైల చివర్లో బోరు నీళ్లు తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఒక ఎండాకాలం ఉత్త గాలి కక్కింది. ఇంకొకటి వేయిస్తే దుమ్ము లేచింది. మల్బరీ ఎండిపోయింది. వేరుశనగ వేస్తే వాన మొహం చాటేసింది. మా ఆయన, మా మరిది అరుగు మీద కూర్చుని బెంగళూరు మాటలు మొదలుపెట్టారు. అప్పటికే మా వీధిలో చాలా ఇళ్లకు తాళాలు పడ్డాయి.

నాకు బెంగళూరంటే భయం లేదు, గిట్టదు. మా అక్క అక్కడ రేకుల షెడ్డులో ఉంటూ ఎవరి మేడకో ఇటుకలు మోసేది. సొంత ఊళ్లో చేనున్న మనిషి అక్కడ నీళ్ల బిందె కోసం మేస్త్రి పెళ్లాం చేత తిట్లు తింటుంటే నా కళ్లతో చూశాను. గంజి తాగైనా ఇంటి దగ్గరే ఉండాలని ఆ రోజే అనుకున్నాను. హైవే మీది డాబాల్లో లారీ డ్రైవర్లు కౌజు వేపుడు అడుగుతున్నారని, ఆ పిట్టలకు నీళ్లు పెద్దగా అక్కర్లేదని పశువుల డాక్టరు చెబితే, బొటనవేలంత పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టుకుని బస్సులో తెచ్చాను. మా ఇంట్లో మగవాళ్లు నవ్వారు. నవ్వినా అడ్డం చెప్పలేదు. అదే చాలనుకున్నాను.

మొదట కోళ్ల గూట్లో పెట్టాను. గూడు ఎత్తు ఎక్కువ కావడం వల్లే ఆ చావులన్నీ. అప్పుడు నా కన్ను పట్టుపురుగుల స్టాండ్ల మీద పడింది. తట్టకూ తట్టకూ మధ్య జానెడు కన్నా కొంచెం ఎక్కువ. పిట్ట నిలబడుతుంది, తిరుగుతుంది, ఎగరడానికి మాత్రం ఊపు రాదు. తట్టలు తీసేసి కింద జాలీ కొట్టాను. పట్టుపురుగుల్ని చంపే ఊజీ ఈగ గదిలోకి రాకుండా కిటికీలకు కట్టిన నైలాను వల ఉండేది. దాన్ని విప్పి పైకప్పుగా కాస్త వదులుగా కట్టాను. పిట్ట ఎగిరినా వలకు తగిలి మెత్తగా కింద పడేది. ఆ తరువాత నెత్తి చిట్లిన పిట్టను నేను చూడలేదు.

పిట్టల్ని గూట్లో పెట్టడం అయింది, బయటకు పట్టి తీయడం కాలేదు. శుభ్రం చేయడానికి ముందువైపు పెద్ద తలుపు పెట్టాను. పట్టడానికి కూడా అదే తెరిస్తే పోపులో ఆవాలు చిటపటలాడినట్టు అన్నీ ఒక్కసారిగా బయటకు వచ్చేవి. ఒక్క పిట్ట కోసం తలుపు తీసి, పది పిట్టల వెనక గదంతా పాకేదాన్ని. అందుకని పక్క చెక్కకు చెయ్యి పట్టేంత చిన్న తలుపు కోశాను. దానికి లోపలివైపు మా ఆయన పాత చొక్కా చేతిని మేకులతో కొట్టాను. ఆ గుడ్డలోంచి చెయ్యి దూర్చితే చుట్టూ సందు ఉండదు, పిట్ట తప్పించుకోలేదు. గూటి మధ్యలో అటూ ఇటూ జరిగే పలక ఒకటి పెట్టి దానికి తాడు కట్టాను. తాడు లాగితే పలక మెల్లగా జరిగి పిట్టలన్నిటినీ తలుపు దగ్గరికి తోసుకొస్తుంది. వాటికి తరుముతున్నట్టే అనిపించదు. వీపు మీద అరచెయ్యి మూసి, రెక్కలు రెండూ లోపలికి వచ్చేలా పట్టుకుని తీయాలి. తీశాక గుడ్డను ఒక మెలి తిప్పి లోపలికి దోపాలి. దోపకపోతే అందులోంచి ఎలుక దూరుతుంది.

నాది పుర్రచెయ్యి. అందుకని తలుపులన్నీ ఎడమ కొసనే పెట్టుకున్నాను. చిక్కు అక్కడే వచ్చింది. డాబా ఆయన పొద్దున్నే వచ్చేవాడు. నేను పిట్టను పట్టి ఎడమచేత్తో ఇవ్వబోతే వెనక్కు జరిగాడు.

"పొద్దున్నే బోణీ బేరం. ఎడమచేత్తో ఇస్తే నేనెట్ల తీసుకునేదమ్మా?"

కుడిచేతికి మార్చబోయాను. పిట్ట జారి మా మిద్దె మీదుగా ఎగిరిపోయింది. మా అత్త ఊరుకుంటుందా.

"కుడిచెయ్యి ఎందుకుండాది మే నీకు, గాజులేసుకునేకా?"

అప్పుడు ముందుకొచ్చింది నా తోడికోడలు, మా మరిది భార్య. నాకంటే చిన్నది. ఆ ఇంట్లో నా పిట్టల్ని చూసి నవ్వనిది ఆమె ఒక్కతే. "నువ్వు పెంచక్కా, నేను పట్టిస్తా. నా చేత్తో ఇస్తే ఎవురు వద్దంటారో చూస్తా" అంది. ఆ మాటకు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎడమ తలుపులోంచి ఆమె కుడిచెయ్యి సరిగా పోయేది కాదు, మణికట్టు మెలిపడేది. అందుకని ప్రతి గూటికీ కుడి కొసన ఇంకో తలుపు కోశాను. ఆమె మోచేతి నుంచి వేలి కొస దాకా పురికొసతో కొలిచాను.

"గాజుల కొలత తీసుకున్నట్లుండాది గదక్కా" అని నవ్వింది.

మా ఆయన చొక్కాల్లో మిగిలిన కుడి చేతులు ఆ తలుపులకు కొట్టాను. కొన్నాళ్లకు ఆమె నాకంటే బాగా పట్టేది. లోపలున్న పిట్టలు మేత మానేవి కావు, అంత నెమ్మది. పట్టాక ఆ గుడ్డను మెలి తిప్పి దోపడం ఒక్కసారి కూడా మరిచేది కాదు. ఇంటి పనంతా అయ్యాక ఇద్దరం ఆ గదిలో కూర్చునేవాళ్లం. చుక్కల గుడ్లు ఏరుకుంటూ, తాగే నీళ్ల గిన్నెల్లో పిల్లలు మునగకుండా గులకరాళ్లు వేసుకుంటూ, ఊళ్లో అందర్నీ ఆడిపోసుకునేవాళ్లం. సొంత చెల్లెలికి చెప్పనివి ఆమెకు చెప్పాను. బెంగళూరు పోకుండా మనిద్దరం బతికేయొచ్చు అని ఎన్నిసార్లు అన్నానో. ఊ కొట్టేది. ఊ కొట్టడమంటే ఒప్పుకోవడమనే నేను అనుకున్నాను.

ఒక వేసవిలో లేపాక్షి దగ్గర మా చిన్నాయన కూతురి పెళ్లి వచ్చింది. పిట్టల్ని వదిలి పోవడానికి నాకు మనసు లేదు. మా అత్త ఎప్పుడూ లేనిది, "పుట్టింటోళ్ల పెండ్లికి పోకుంటే వాళ్లేమనుకుంటారు, పో" అని పట్టుబట్టింది. మా ఆయన బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. అదీ ఎప్పుడూ లేనిదే. నాకు అనుమానం రాలేదు, సంతోషమేసింది. ఆ పొద్దున నా తోడికోడలు నాకు జడ వేసి, కనకాంబరాలు పెట్టింది.

"రెండు దినాలు ఉండి రాక్కా. పిట్టల్ని నేను చూసుకుంటా."

పెళ్లిలో నాకు కుదురు లేకపోయింది. తాళి కట్టడం చూసి, భోజనం చేసి, మరుసటి రోజు దాకా ఆగమన్నా ఆగకుండా బస్సెక్కాను. ఎండ వాలుతుండగా ఇల్లు చేరి, చెప్పులు విప్పకుండానే పిట్టల గదికి పోయాను. కౌజుల గది ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండదు. గొణుగుతూనే ఉంటాయి. ఆ రోజు తలుపు తీస్తే నా ఊపిరి నాకే వినపడింది.

ఒక్క పిట్ట లేదు. గుడ్లు పెట్టే ఆడపిట్టలు కూడా లేవు.

దొంగలు పడ్డారనుకుని అరవబోయి ఆగిపోయాను. దొంగ పడితే ఈకలు రాలేవి. ఒక్క ఈక లేదు. దొంగయితే ముందున్న పెద్ద తలుపులు బార్లా తీసేవాడు. అవి వేసినవి వేసినట్టే ఉన్నాయి. పలకలన్నీ కుడివైపుకు జరిగి ఉన్నాయి. కుడివైపు తలుపుల దగ్గర చొక్కా చేతులు ఒక్కొక్కటీ చక్కగా మెలి తిప్పి లోపలికి దోపి ఉన్నాయి. ఖాళీ గూట్లోకి ఎలుక దూరితే ఏం పోతుంది? అయినా దోపింది. అలవాటు. చెప్పులతోనే ఇంట్లోకి నడిచాను.

నా తోడికోడలు వంటింటి గడప దగ్గర చేటలో బియ్యం ఏరుతోంది. నేను ఇంత తొందరగా వస్తానని అనుకోలేదేమో, తల ఎత్తలేదు.

"పిల్లి పడినట్లుండాది అక్కా."

"పిల్లి గుడ్డ మెలి తిప్పి దోపిందా?"

ఆమె చెయ్యి బియ్యంలో ఆగిపోయింది. లోపలి నుంచి మా ఆయన వచ్చాడు. "దాన్నేం అడగొద్దు. మేమే అమ్మినాం" అన్నాడు.

"మేమంటే ఎవురు?"

"అందరమూ. బెంగుళూరులో గది చూసినాం. సోమవారం పోవాల. నీకు చెప్తే నువ్వు ఒప్పుకుంటావా?"

"ఏం జేసినా సంసారం కోసమే గదా మే" అని మా అత్త మూలనుంచి అందుకుంది.

అందరమూ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. నా ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. నన్ను పెళ్లికి పంపాలని ఒకరన్నారు, పట్టేది ఎవరని ఇంకొకరు అడిగారు. ఆ అందరిలో నేను లేను. మా ఆయన మీద నాకు కోపం వచ్చింది కానీ ఆశ్చర్యం రాలేదు. ఆయన ఎటు మొగ్గుతున్నాడో మొదటినుంచీ తెలుసు. నేను నమ్మింది ఆమెను. నా జడ వేసిన చేత్తోనే పోయి పిట్టల్ని పట్టింది.

"నీకు చేతులెట్ల వచ్చినాయే?" అని అడిగాను.

అప్పుడు తల ఎత్తింది. ఏడుస్తోంది.

"నేను పట్టకుంటే వాళ్లు పట్టేటోళ్లక్కా. వాళ్లకు పట్టేది తెలీదు. సగం పిట్టలు చచ్చిపోయేవి."

ఆ మాటకు జాలి కలగాల్సింది. నాకు ఒళ్లు మండింది. పిట్ట నొచ్చుకోకూడదని నేను నేర్పిందంతా నా పిట్టల్ని మాయం చేయడానికి పనికొచ్చింది. పైగా అదొక మంచితనంగా నాకే చెబుతోంది. వద్దనొచ్చు. నా దగ్గరికి మనిషిని పంపొచ్చు. కనీసం చేతులు ముడుచుకుని కూర్చుంటే వాళ్లకు చేత కాక ఆగేవాళ్లు. ఆ గూళ్లలోంచి ఈక రాలకుండా పిట్టను తీయగలిగింది లోకంలో ఇద్దరమే. ఒకతెను పెళ్లికి పంపించారు.

వాళ్లందరూ మరిచిపోయింది ఒకటుంది. కౌజు గుడ్డు పెడుతుంది కానీ పొదగదు. ఆ వేసవిలో గుడ్లు పొదిగించే పెట్టెకు కరెంటు సరిగా ఉండక, కౌజు గుడ్లను నాటుకోడి కింద పెట్టి వంటింటి మూల గంప మూశాను. అందరూ బెంగళూరు గురించి మాట్లాడుతుంటే అది గంప కింద కదలకుండా కూర్చుని ఉంది. నేను పోయి గంప ఎత్తి చూసి, మళ్లీ మూశాను.

"కోడి పొదుగుతాండాది. నేను రాను" అన్నాను.

తిట్టారు, బతిమాలారు, మా అన్నలను పిలిపిస్తామన్నారు. సోమవారం వాళ్లు ముగ్గురూ పోయారు. అత్త నాతోనే ఉండిపోయింది. బస్సెక్కే ముందు తోడికోడలు నా దగ్గరికి వచ్చి నిలబడింది. నేను పొయ్యి ఊదుకుంటూ కూర్చున్నాను.

గుడ్లలోంచి పిల్లలు బయటికి వచ్చాక సుత్తి పట్టుకున్నాను. కుడివైపు తలుపులన్నీ పీకేసి, ఆ కంతల మీద చెక్కలు పెట్టి మేకులు కొట్టాను. పిట్టలు ఎదిగాక డాబా ఆయనకు కబురు పెడితే వచ్చాడు. నా చెయ్యి చూసి, "మళ్లా ఎడమచెయ్యేనా అమ్మా" అన్నాడు.

"ఇష్టముంటే తీసుకో అన్నా, లేకుంటే పో."

తీసుకున్నాడు. ఆ తరువాత ఇంకెవరూ అడగలేదు. కొన్నేళ్లకు మా ఆయన నడుము నొప్పితో తిరిగి వచ్చాడు. క్షమించావా అని ఎవరైనా అడిగితే, అన్నం పెడుతున్నాను అని చెబుతాను.

నా తోడికోడలు మాత్రం చాలా ఏళ్లకు ఓటు వేయడానికి వచ్చింది. మనిషి చిక్కిపోయింది, అరచేతులు సిమెంటుకు గరుకెక్కాయి. ఇద్దరం వానల గురించి మాట్లాడుకున్నాం. ఇంతలో పిట్టల కోసం ఎవరో వచ్చి వాకిట్లోంచి పిలిచారు. నా చేతులు సంగటిలో ఉన్నాయి.

"నువ్వుండక్కా, నేను పట్టిస్తా" అని లేచి గదిలోకి పోయింది. నేను వెనకే పోయాను.

గూళ్ల వైపు చూడను కూడా చూడకుండా నేరుగా కుడి కొసకు నడిచి చెయ్యి చాచింది. చెయ్యి చెక్కకు తగిలింది. పైకీ కిందికీ తడిమింది. మేకుల తలలు వేళ్లకు తగిలాయేమో, అక్కడ ఆగి నా వైపు తిరిగింది.

"ఇది నా చేతి కొలత తలుపు గదక్కా."

"అవును. అందుకే మూసినా" అన్నాను.

చేతులు కడుక్కుని వచ్చి, ఎడమ తలుపులో చెయ్యి పెట్టి పిట్టను తీసి, గుడ్డను మెలి తిప్పి లోపలికి దోపాను. వాకిట్లో మనిషికి ఎడమచేత్తోనే ఇచ్చాను, మారు మాట్లాడకుండా తీసుకుపోయాడు. నేను మళ్లీ లోపలికి వచ్చేసరికి ఆమె ఇంకా ఆ చెక్క దగ్గరే నిలబడి ఉంది.