పద్దెనిమిది సెల్లుల్లో ఆరు

సుమిత్రాబాయి నోరంటే ఇత్వారా బజారంతటికీ హడల్. కిన్వట్ అడవి నుంచి కట్టె లారీలు తోలుకొచ్చే డ్రైవర్లు ఆమె దుకాణంలో బ్యాటరీ చార్జింగుకు పెట్టి, గంట కాకముందే వచ్చి అయిందా అని అడిగితే చాలు, "ఇదేమన్న చాయ్ అనుకున్నవా, గిప్పుడు పెట్టి గిప్పుడు దించనీకి? పొద్దుగూకినంక రా, పో" అని తరిమేసేది. డ్రైవర్లు గొణుక్కుంటూ పోయేవాళ్లు. మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు, ఎందుకంటే ఆమె బాగుచేసిన బ్యాటరీ నడి అడవిలో మొరాయించేది కాదు.

ఆమె పుట్టిల్లు సర్ఖని. పదహారో ఏట లింగమూర్తిని చేసుకుని నాందేడ్ వచ్చింది. ఇంట్లో కూర్చోబెడితే కూర్చునే మనిషి కాదు. మధ్యాహ్నం మొగుడికి సద్ది తెచ్చి, ఆయన తినేలోపు బ్యాటరీ మూతలు విప్పి నీళ్లు చూసేది. ఆయన ముందు కసిరాడు, తర్వాత నవ్వాడు, ఆఖరికి పని చెప్పడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లలో ఆసిడ్‌కు చిల్లులు పడని చీర ఆమెకొక్కటీ మిగల్లేదు. లింగమూర్తి పోయాక మూడో రోజుకే షట్టరు ఎత్తింది. జనం నోళ్లు నొక్కుకున్నారు. నొక్కుకోనీ, వాళ్లొచ్చి ఆమె పొయ్యి వెలిగిస్తారా?

అందరికంటే ఎక్కువ మండింది ఆమె మరిది మారోతికి. అన్న ఉన్నన్నాళ్లూ అదే దుకాణంలో పనిచేశాడు. అన్న పోయాక ఆ గద్దె తనదే అనుకున్నాడు. వదిన లేవదని తెలిశాక, రోడ్డుకు సరిగ్గా ఎదురుగా బల్ల వేసుకుని అదే పని పెట్టాడు. పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరు చూడాల్సిందే, ఒకరినొకరు తిట్టుకోవాల్సిందే.

"ఆడిది ముట్టిన బ్యాటరీ ఏసుకుంటే బండి ఏ లోయల పడ్తదో చూసుకోండ్రి," అని వాడు డ్రైవర్లకు వినబడేలా అనేవాడు.

"అన్న బువ్వ తిని అన్న పెండ్లాం మీద పడి ఏడ్చెటోనికి బ్యాటరీ ఏం తెలుస్తది," అని ఆమె ఇవతలి నుంచి అనేది.

ఇట్లా మూడేళ్లు గడిచాయి. 1988 ఎండాకాలంలో దుకాణం కిరాయి కాగితం గడువు తీరింది. ఆ కాగితం లింగమూర్తి పేరు మీద ఉండేది. ఇప్పుడు ఎవరి పేరు మీద రాయాలన్నది దుకాణం ఆసామి నందకిషోర్ చేతిలో పని.

నందకిషోర్ పత్తి వ్యాపారి కొడుకు, ముప్పై నిండలేదు. ఆయనకు ఒక పిచ్చి ఉంది. బొంబాయి నుంచి మూరెడు పొడవు కారు తెప్పించుకున్నాడు. చూడ్డానికి రోడ్డు మీద పోయే అసలు కారులాగే ఉంటుంది. చేతిలో రేడియో డబ్బా పట్టుకుని మీట తిప్పితే అది బాణంలా దూసుకుపోతుంది. దాన్ని బొమ్మ అంటే ఆయనకు కోపం. ఆదివారమైతే జిన్నింగు మిల్లు సిమెంటు ముంగిట్లో, నిజామాబాద్, లాతూర్ల నుంచి వచ్చిన డబ్బున్న కుర్రాళ్లతో పందేలు. పోయినసారి ఆయన సొంత బావే, నిజామాబాద్ మనిషి, పదిమందిలో ఆయన్ని ఓడించాడు. నాలుగో నిమిషంలోనే నందకిషోర్ కారు జోరు తగ్గి ఈడ్చుకుంటూ పోయింది.

తప్పు బ్యాటరీదని నందకిషోర్‌కు తెలుసు. దానిలో ఆరు సెల్లులు వరసగా అతికి ఉంటాయి. ఆరింటిలో ఒక్కటి నీరసపడ్డా మిగతా అయిదూ దాని మీద పడి ఇంకా నలిపేస్తాయి. పైకి చూస్తే అన్నీ ఒకటే, కవలపిల్లల్లా. ఏరుకోవడం తెలియాలి.

ఆయన వదినామరుదులిద్దరినీ మిల్లుకు పిలిపించాడు. మిల్లు గుమస్తా, కాంటావాళ్లు అంతా అక్కడే ఉన్నారు. చెరొక డబ్బా ముందు పెట్టాడు.

"ఒక్కో డబ్బల పద్దెనిమిది సెల్లులున్నయి. కొన్ని పాతయి, కొన్ని కొత్తయి. అందుల ఆరు ఏరి, అతికి, శనివారం తేండ్రి. ఎవరి ఆరుతోని కారు అయిదు నిమిషాలల్ల ఎక్కువ చుట్లు తిరుగుతదో, ఆళ్ల పేరు మీద దుకాణం కాగితం రాస్త."

"మాట మీద ఉంటవా సేటు?" అని సుమిత్రాబాయి అడిగింది.

"గింతమంది ముందట చెప్పిన కదా, బాయీ."

దుకాణం పోతే ఆమెకు మిగిలేది వంటిల్లు. ఇంటికి వచ్చి పని మొదలుపెట్టింది. మొగుడు నేర్పిన పద్ధతి ఆమెకు వేదం. సెల్లు నిండా చార్జ్ చేసి, దానికొక టార్చి బల్బు తగిలించి, అది ఎంతసేపు వెలుగుతుందో గడియారం పెట్టుకుని చూడాలి. లింగమూర్తి రేడియో సెల్లులన్నీ అట్లాగే చూసేవాడు, బ్యాటరీని మెల్లగా అడగాలి, దబాయించకూడదు అనేవాడు. కొన్ని సెల్లులు నాలుగు గంటల దాకా వెలిగాయి. నాలుగు రోజులు కూర్చుని, అన్నిటికంటే ఎక్కువసేపు వెలిగిన ఆరింటిని పక్కన పెట్టింది. తృప్తిగా చాయ్ తాగడానికి మూల మీది హోటలుకు పోయింది.

మారోతి అక్కడే ఉన్నాడు, చుట్టూ నలుగురిని పెట్టుకుని. ఆమెను చూసి గొంతు పెంచాడు.

"మా వదినె టార్చి బల్బు పెట్టి చూస్తున్నదట. కారు మోటరు ఏమన్న టార్చి లెక్క గుంజుతదా? పొయ్యి తీగ లెక్క గుంజుతది. నాలుగు గంటలు మెల్లగ ఇచ్చే ముసలి సెల్లు, ఒక్కసారి గట్టిగ గుంజితే కూలవడ్తది. మా అన్న ఈమెకు సగం పనే నేర్పిండు."

నలుగురూ నవ్వారు. సుమిత్రాబాయి చాయ్ గ్లాసు కింద పెట్టి, తాగకుండానే బయటికి వచ్చింది. హోటలువాడు ఆశ్చర్యపోయాడు, ఆమె మాట పడి ఊరుకోవడం అతను ఎన్నడూ చూడలేదు.

ఆమె ఊరుకోలేదు, లోపల ఉడికిపోయింది. వాడు కూసింది అక్షరాలా నిజమని ఆమెకు అక్కడే తెలిసిపోయింది, అదే ఆమె కడుపు మంట. వాడి మీద కోపం, ఇరవై ఏళ్లు పక్కన నిలబెట్టుకుని సగమే చెప్పిన మొగుడి మీద కోపం, చచ్చినవాడి మాటను పట్టుకుని నాలుగు రోజులు పాడుచేసుకున్న తన మీద అంతకంటే కోపం. ఇంటికి వచ్చి కరెంటు పొయ్యిలో తీగ పీకింది. జానెడు ముక్కను మడతలు వేసి, సెల్లు రెండు కొసలకూ బిగించింది, పక్కన మీటరు పెట్టింది. తీగ వేడెక్కి పొగలు కక్కింది. టార్చి బల్బుకు నాలుగు గంటలు వెలిగిన మొదటి సెల్లు రెండు నిమిషాలకే ముల్లు దించేసింది. రెండోదీ అంతే.

"సచ్చినోడా, మంచిగ నేర్పినవ్ పో," అంది గోడ మీది మొగుడి ఫొటోను చూసి.

ఒక్కొక్కదాన్నీ చల్లారనిచ్చి, మళ్లీ నింపి, మళ్లీ గుంజింది. ఒకసారి చూసి వదల్లేదు, మూడేసిసార్లు చూసింది. పనికిరావని పక్కకు నెట్టిన సెల్లుల్లో నాలుగు ఆఖరి నిమిషం దాకా ముల్లు దించలేదు. వేళ్లు బొబ్బలెక్కాయి. శనివారం పొద్దుటికి ఆమె ఆరూ తేలాయి.

మిల్లు ముంగిట్లో మొదట మారోతి బ్యాటరీ పెట్టారు. కారు మొదట్లో ఎగిరిపడింది, నాలుగు నిమిషాలు దాటాక జోరు తగ్గింది. ఇరవై రెండు చుట్లు. వాడికి ఏం చూడాలో తెలుసు గాని ఓపిక లేదు, సెల్లును ఒక్క క్షణం గుంజి ముల్లు నిలబడితే చాలనుకునే రకం. తర్వాత ఆమెది పెట్టారు. ఆ కారు మొదటి చుట్టు ఎట్లా తిరిగిందో ఆఖరిదీ అట్లాగే తిరిగింది. ఇరవై అయిదు. మర్నాడు అదే బ్యాటరీతో నందకిషోర్ బావను మట్టి కరిపించాడు. మిల్లులో పేడాలు పంచారు. సుమిత్రాబాయి రెండు తీసుకుని ఒకటి మారోతి బల్ల మీద పెట్టి వచ్చింది. వాడు దాన్ని కుక్కకు వేశాడు.

శుక్రవారం నందకిషోర్ దుకాణానికి వచ్చాడు. వెనకాల మారోతి ఉన్నాడు. సేటు బ్యాటరీనీ, మిగిలిన పన్నెండు సెల్లులున్న డబ్బానూ ఆమె ముందు పెట్టాడు.

"రేపు పొద్దుగాల హైదరాబాద్‌ల పెద్ద పందెం, బాయీ. సాయంత్రం రైలుకు పోతున్న. ఒకసారి చూసి నింపియ్యి."

"కాగితం ఏమాయె సేటు?"

ఆయన గడప వైపు చూశాడు. "కాగితం మారోతి పేరు మీద రాసిన. మా నాయిన ఒప్పుకోలె. ఆడామె పేరు మీద దుకాణమంటే రేపు ఆఫీసులల్ల తకరార్ అయితదన్నడు. నీకేం ఫికర్ లేదు, పని నువ్వే చేస్తవు. గల్లా మీద మారోతి కూసుంటడు."

మారోతి చిరునవ్వు నవ్వి గల్లా వైపు రెండు అడుగులు వేశాడు.

"పందెం ఏసింది నువ్వు. గెలిచింది నేను," అంది సుమిత్రాబాయి.

"గెలిచినవ్, కాదంటలేను. జర సమజ్ చేస్కో."

బజారువాళ్లు చెవులు రిక్కించి నిలబడ్డారు, ఇక ఆమె నోరు విప్పుతుందని. ఆమె సోల్డరు కడ్డీ వేడిచేసింది. బ్యాటరీని చేతిలోకి తీసుకుని ఒక్కో అతుకూ కరిగించింది. సేటు అది మరమ్మతు అనుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆరు సెల్లులూ విడిపోయాయి. అతుకు మచ్చలు పోయేదాకా వాటి కొసలు ఆకురాయితో రుద్దింది. పన్నెండింటి కొసలనూ అట్లాగే రుద్దింది. అన్నిటినీ డబ్బాలో పోసి, మూత పెట్టి, రెండు చేతులతో గలగలా ఊపింది.

"బాయీ, ఏంది గిది?" నందకిషోర్ డబ్బా కోసం చెయ్యి చాచాడు.

ఆమె డబ్బాను మారోతి చేతుల్లో పెట్టి, చెప్పులు తొడుక్కుంది.

"దుకాణం నీదేనట కదా. ఇందుల మంచియి ఆరున్నయి. సేటు రైలు టైముకు ఏరియ్యి."

ఆమె రోడ్డు దాటేసరికి మారోతి మూత తీసి ఒక సెల్లు పైకెత్తి చూశాడు. దాన్ని పెట్టేసి ఇంకొకటి తీశాడు. నందకిషోర్ గడియారం చూసుకున్నాడు.