బీరప్ప పొట్టేలు పట్టిన చేప

చదువుకున్నదాని రోషం ఎంత దూరం పోతుందో చెబుతాను, వినండి. దేవుడికీ, మా మామకీ, ఒక చేపకీ ఒకే సాయంత్రం జరిగిన ఘోరం ఇది. చేసింది నేనొక్కదాన్నే.

తాండూరు నాపరాళ్ల మధ్య పెరిగి, వికారాబాద్‌లో డిగ్రీ చేసి, కోట్‌పల్లి చెరువు దగ్గర గొర్రెల కాపరుల ఇంటికి కోడలినయ్యాను. ఈ ఘోరం జరిగేనాటికి నాకు మూడో నెల. కడుపులో బిడ్డ చల్లగా ఉండాలని మామ ఒక నల్ల పొట్టేలును కులదేవుడు బీరప్పకు మొక్కాడు. దాని నుదుటి మీద మాత్రం తెల్లటి ఉన్ని.

"మొక్కు తీరేదాంక దీనికి కత్తెర తగలొద్దు బిడ్డా. తగిలితే దేవుడు ఒల్లడు" అన్నాడు.

తొలి వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్లు లేచి, రెక్కలూడి నీళ్ల మీద పడ్డాయి. చెరువంతా నోళ్లు తెరిచింది. ఒక్కో చేప పైకి వచ్చి, పురుగును ముద్దు పెట్టుకున్నంత మెల్లగా లాక్కుని, నీటి మీద ఒక సున్నా చుట్టి మాయమయ్యేది. నా లెక్కల పేపర్ తర్వాత అన్ని సున్నాలు ఒకేచోట చూడటం అదే. కన్నార్పలేకపోయాను.

గాలం వేద్దామని నన్ను వెంటబెట్టుకొచ్చిన మామ ఎర్రల డబ్బా మూసేశాడు. "ఉసిళ్లు లేస్తే చేప ఎర్ర దిక్కు సూడదు. నడువు, ఇంటికి పోదాం."

"దొంగ ఉసిలిని చేసి వేస్తే, మామా?"

"చేప నీ లెక్క కాలేజీకి పోలే గని, పిచ్చిది గాదు."

అంతే, రోషం వచ్చింది. మర్నాడు గాలానికి కోడి ఈకతో రెక్కలు కట్టాను. ఒంటికి తెల్లగా, మెత్తగా ఏదైనా కావాలి. మామ చెప్పింది గొర్రెల కత్తెర గురించి, నాది గోళ్ల కత్తెర కదా అని మనసుకు సర్దిచెప్పి, పొట్టేలు నుదుటి నుంచి చిటికెడు ఉన్ని తీశాను.

సాయంత్రం మళ్లీ ఉసిళ్లు. వెదురుకర్ర వెనక్కి ఊపి విసిరాను. పురుగు నీళ్లలో పడింది గానీ, వెనకే మేస్తున్న పొట్టేలు కొమ్ముకు దారం చుట్టుకుంది. అది బెదిరి ఒడ్డు వెంట పరుగు తీసింది. నా చేతిలోంచి కర్ర ఊడిపోయింది.

"మామా, పొట్టేలు..."

"నీ కడుపు సల్లగుండ, అడ్డం పో బిడ్డా. వద్దొద్దు, నువ్వు ఉరకకు, ఒట్టి మనిషివి గాదు."

పొట్టేలు వెంట నీటి మీద నా దొంగ పురుగు గంతులేస్తూ పోతోంది. అంతలో నీళ్లు పగిలాయి. మూరెడు పొడవు బొచ్చె చేప దాన్ని అందుకుని గాల్లోకి లేచింది. పొలుసుల మీద సాయంత్రపు ఎండ మెరిస్తే, ఒక్క క్షణం భయం కూడా మరిచిపోయాను. పొట్టేలు గట్టెక్కింది. దాని వెనకే, బడికి పోనన్న పిల్లను ఈడ్చుకొచ్చినట్టు, చేపా గట్టెక్కింది.

మామ చేప నోట్లోంచి పురుగు తీసి అరచేతిలో తిప్పి చూశాడు. తర్వాత పొట్టేలు నుదురు చూశాడు.

"గీ ఉన్ని యాడిది?"

"చిటికెడే, మామా."

"ఏం కత్తెర?"

"గోళ్లది."

మామ గట్టు మీద కూలబడ్డాడు. నా చెయ్యి కడుపు మీదికి పోయింది. "బిడ్డకేమన్న అయితదా?"

ఆయన చేపను రెండు చేతులా ఎత్తి బరువు చూశాడు. "బీరప్పకు కోపమొస్తే చేపనిస్తడా? ఏం గాదు. గని గీ పొట్టేలు ఇగ మొక్కుకు పనికిరాదు. ఇంకోటి మొక్కుత."

మా పాపకిప్పుడు నాలుగేళ్లు. అది తుమ్మినా నాకు ఆ కత్తెరే గుర్తొస్తుంది. అందుకే బీరప్ప సాక్షిగా చెబుతున్నాను: ఈ జన్మలో గాలం పట్టను, గోళ్లు కూడా తలుపేసుకునే తీసుకుంటాను.

పొట్టేలు మాత్రం ఏ ఒట్టూ పెట్టుకోలేదు. పాప పెట్టే బిస్కెట్లు తింటూ ముసలిదైంది. తొలి వాన వెలిస్తే చాలు, చెరువు గట్టెక్కి, నా వైపు నుదురు వంచి నిలబడుతుంది.