గంగమ్మకు పోసిన మెజ్కాల్

1984 ఫిబ్రవరిలో ఒక మంగళవారం, తిరుగు రైలుకు మూడు గంటల పది నిమిషాలుండగా, కాలు నిలవక విశాఖ జాలరిపేట ఒడ్డుకు వెళ్ళాను.

అక్కడ పోలమ్మ అనే ఆవిడ తమ్ముడు కొత్త పడవతో తొలిసారి వేటకు బయలుదేరుతున్నాడు. ముందు గంగమ్మకు, అంటే సముద్రానికి, సారా పోయాలట. ఓడలో ఖలాసీగా తిరిగే ఆమె భర్త మెక్సికో నుంచి టెకీలా, మెజ్కాల్ అనే రెండు రకాల సారా తెచ్చాడు. రెండూ మన కిత్తనార జాతి మొక్క దుంపతో కాచినవే.

పోలమ్మ రెండు సీసాలూ వాసన చూసింది. "ఇది ఉడకేసిన తేగ వాసన. ఇదేమో కాల్సిన తేగ. గంగమ్మకి ఇదే."

"మెజ్కాల్ దుంపని గోతిలో కాలుత్తారని నీకెలా తెలిసిపోనాదే! మళ్ళీ దొరకదోలే, కుసింత ఉంచు," అన్నాడు పక్కనే ఉన్న భర్త.

"పోయినేడు మా అన్నని తీసుకుంది. తమ్ముడికాడ పిసినారితనమేటి?"

సీసా మొత్తం అలల్లో ఒంపేసింది. పడవ చుక్కంతయ్యేదాకా ఆమె కూర్చోలేదు. నేనూ కూర్చోలేకపోయాను.