లంక బాట మీద నర్సమ్మగారి సైకిలు

మంచం పట్టిన మనిషి గడప మీరు ఆఖరుసారి ఎప్పుడు తొక్కారు? ఫోను చేశామండీ అనకండి. చేతులు జోడించిన బొమ్మ వాట్సాప్‌లో పంపించామని అసలే అనకండి. వెళ్లారా? ఆ మంచం పక్కన కూర్చున్నారా? పుండు వాసన వస్తుంటే మొహం తిప్పుకోకుండా మాట్లాడారా? జవాబు నాకు చెప్పక్కర్లేదు. ఎవరికి చెప్పుకోవాలో మీకు తెలుసు.

మన సంఘంలో ఈ ప్రశ్నకు తల దించుకోకుండా జవాబు చెప్పగలిగిన మనిషి ఒకరుండేవారు. మొన్న మంగళవారం తెల్లవారేసరికి ఆవిడ లేరు. యనమలకుదురు నర్సమ్మగారు నిద్రలోనే ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు.

కబురు వచ్చేటప్పటికి నేను గవర్నర్‌పేటలో ప్రెస్సు దగ్గర నిలబడి ఉపవాస కూడికల కరపత్రంలో తప్పులు దిద్దుతున్నాను. ఫోను చేసింది ఆవిడ ఇంటికి ఎదురుగా సైకిలు షాపు పెట్టుకున్న భాయ్.

“అయ్యగారూ, అమ్మ లేవలేదండీ,” అన్నాడు.

“లేవకపోవటమేంటి భాయ్?”

“తలుపు కొట్టాం. పలకలేదు. గడియ ఊడదీసి చూస్తే... బుధవారం లంకకి పోవాలి, వెనక చక్రం ఊగుతుంది చూడు భాయ్ అంది నిన్న సాయంత్రం. చూసి పెట్టానండీ. చూసి పెట్టాను.”

ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ అన్నాడు. చుట్టూ ఆటోల హారన్లు. ఫోను చెవికి అదుముకుని అతని ఏడుపు విన్నాను.

ఆవిడను ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా రిటైరైన మనిషి. ఉద్యోగం మొదలుపెట్టింది చల్లపల్లి పక్క పల్లెల్లో, ముగించింది బెజవాడలో. భర్త ఏనాడో పోయారు. పిల్లల్లేరు. అరవై దాటాయి, మోకాళ్లు సలిపేవి. ఆ వయసులో మనం పడక్కుర్చీ కొనుక్కుంటాం. ఆవిడ దగ్గరకు మాత్రం కోత పండుగనాడు ఒక సైకిలు వచ్చింది.

కోత పండుగకు ఎవరి పంటలో తొలిభాగం వాళ్లు తెస్తారు. అరటిగెలలు, కంద, పసుపు, కోళ్లు, బియ్యం మూటలు. ఆరాధన అయ్యాక గుడి ఆవరణలోనే వేలం పాడతాం. మైకు నా చేతిలో ఉంటుంది. అది బుడమేరు నీళ్లు ఇళ్లలోకి వచ్చి పోయిన ఏడు. ఆ నీళ్లలో మునిగి తేలిన గేర్ల సైకిలు ఒకటి ఎవరో తెచ్చి గుమ్మడికాయల పక్కన ఆనించి పోయారు. కొండదారుల్లో తొక్కే రకం. లావు టైర్లు, బురద ఎండి పెచ్చు కట్టిన చైను, కదలని పెడళ్లు, ఎర్రగా తుప్పు పట్టిన హ్యాండిలు.

నాకు ఒళ్లు మండింది. కుంటిదాన్నీ రోగంతో ఉన్నదాన్నీ బలిగా తెస్తే దేవుడు తన ప్రవక్త చేత ఎంత గట్టిగా గద్దించాడో లేఖనం చదివినవాళ్లకు తెలుసు. మైకులో అదే అందుకున్నాను. “ఇంట్లో పనికిరానిది దేవుడికా? ఇట్టాంటిది తీసుకెళ్లి మీ కలెక్టరుగారి చేతికి ఇవ్వండి చూద్దాం, ఏమంటాడో!”

ఆడవాళ్ల వరసలోంచి ఒక గొంతు లేచింది. “ప్రసంగం తరవాత చెప్పు తమ్ముడూ. ముందు పాట పెట్టు.”

నర్సమ్మగారు. పాట పెట్టాను. ఆవిడే పాడారు. రెండో మనిషి నోరు తెరవలేదు. ఒకటోసారి, రెండోసారి అని నేనంటుండగానే ఆవిడ మళ్లీ చెయ్యెత్తి పాట పెంచారు.

“అక్కా, మీ పాట మీద మీరే పాడుతున్నారు!”

“దేవుడి వస్తువు మొదటి పాటకే కొట్టేస్తే ఎట్టా? దానికి మర్యాద ఉండద్దా?”

ఆవరణంతా నవ్వు. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఇంకోసారి పెంచి, పాట తన మీద ఖాయం చేయించుకుని, తిరగని చక్రాన్ని పైకెత్తి పట్టుకుని ఈడ్చుకుంటూ వెళ్లిపోయారు. పనికిరానిదాన్ని దేవుడికివ్వటం తప్పని నేను ఈనాటికీ అంటాను. పనికిరాదని ఎవరు తేల్చారు అనేవారు ఆవిడ. ఆ వాదన మా మధ్య ఆఖరుదాకా తెగలేదు.

భాయ్ దాన్ని చూడగానే, “అమ్మా, ఇది సైకిలు కాదు, శవం,” అన్నాడట.

“శవాల్ని నీకంటే ఎక్కువే చూశాను భాయ్. దీనికింకా నాడి ఆడుతుంది.”

“ఇది కొండలెక్కే బండమ్మా. ఇక్కణ్ణుంచి సముద్రం దాకా మనకి కొండేది?”

“కరకట్ట ఎక్కాలిగా!”

ఎండలు ముదిరేదాకా సాయంత్రాలు ఆ షాపులోనే గడిచాయి. నేను అటు వెళ్లినప్పుడల్లా ఆగేవాణ్ణి. ఆవిడ పని చేసే తీరు చూడాలి! ఆసుపత్రి స్టీలు ట్రేలో గుడ్డ పరిచి, విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరసలోనే పెట్టేవారు. చైనును కిరసనాయిల్లో నానబెట్టి పుల్లకు దూది చుట్టి ఒక్కొక్క లింకూ తుడిచేవారు. ఇంజెక్షన్ సిరంజితో బ్రేకు తీగల గొట్టాల్లోకి నూనె ఎక్కించేవారు. చక్రాల్లో బాల్సు మార్చటం, వంకర తియ్యటం భాయ్ పని. చైనును ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే ముక్క విరిగిపోతే పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి దానికి సరిపోయేది అతనే పట్టుకొచ్చాడు.

లేఖనంలో ప్రవక్త చూసిన ఎండిన ఎముకల లోయ నాకు గుర్తొచ్చింది. ఎముక ఎముకను కలుసుకోవటం, వాటి మీద నరాలు రావటం, ఊపిరి రావటం. ఊరుకోలేక అక్కడే నిలబడి వర్ణించటం మొదలుపెట్టాను.

“అయ్యగారూ, మీ లోయలో ఎముకలు వాటంతటవే లేచినై,” అన్నాడు భాయ్. “ఇక్కడ మనం బిగించాల. ఆ పానా ఇట్టా అందుకోండి.”

రంగు దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. పైన ఎర్రరంగు కొడితే కొత్తదానిలా ఉంటుందని అతను. ఆవిడ ఒప్పుకోలేదు.

“తుప్పు మీద రంగెయ్యటం పుండు మీద పౌడరు కొట్టినట్టు భాయ్. పైకి బాగానే ఉంటది, లోపల తినేస్తా ఉంటది. ఏదైనా అడుగు నుంచి మానాలి.”

తుప్పంతా ఉప్పుకాగితంతో రుద్ది పోగొట్టాకే రంగు డబ్బా మూత తియ్యనిచ్చారు. అడుగు నుంచి మానాలి. ఆ మాట మీద నేను ఎన్ని కూటాల్లో వాక్యం చెప్పానో! ఆవిడ మాత్రం దాన్ని సైకిలు గురించీ కాలి గురించీ తప్ప ఇంకెక్కడా వాడలేదు.

కాలు అన్నాను కదా. అసలు సంగతి అదే.

చీర మాని పంజాబీ డ్రెస్సు వేసుకుని, నెత్తికి తువాలు చుట్టుకుని, ఆవిడ మొదటిసారి కరకట్ట ఎక్కిననాడు గుడి ముందు కూర్చున్న అమ్మలక్కలు ఊరుకుంటారా?

“ఏం నర్సమ్మా, పెళ్లిచూపులకా?”

“అవునొదినా! పెళ్లికొడుకు లంకలో ఉన్నాడు. కాలు బాగాలేదంట, నేనే పోతున్నా.”

కట్ట మీద చోడవరం దాటాక నదిలోకి దిగే బాట ఒకటుంది. అరటితోటలు, పసుపు చేలు, తరవాత ఒట్టి ఇసుక. దాని అవతల, నది మధ్య లంకలో పెద్దాయన ఒకరు, భార్యతో ఉంటారు. మన సంఘస్థుడు కాదు, మన విశ్వాసి కాదు. షుగరు జబ్బుతో కాలి బొటనవేలు తీసేశారు. ఆ పుండు మానకపోతే పాదం తియ్యాలని డాక్టర్లు చెప్పి పంపారు. రోజు విడిచి రోజు కడిగి కట్టు మార్చాలి. ఆయన ఆ కాలు ఇసుకలో పెట్టకూడదు. ఆయన భార్యకు చూపు ఆనదు. ఆటో కట్ట దిగదు. ఆరోగ్య కేంద్రం అమ్మాయికి చూసుకోవలసిన ఊళ్లు బోలెడు. పెద్దాయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్క మంచం మీదున్న బంధువును చూడటానికి వెళ్లిన నర్సమ్మగారు ఈ సంగతి విన్నారు. అంతే.

“పాదం తీస్తే ఈ ఇసకలో నేను నడవలేనమ్మా. నన్ను లంకలోంచి తీసేసినట్టే,” అన్నాడాయన.

“ఎవరు తీస్తారో నేనూ చూస్తా. ముందు ఆ బెల్లం టీ పారబొయ్యి.”

నేనూ వస్తానని ఒకనాడు మోపెడ్ మీద బయలుదేరాను. సంచిలో గ్రంథం, నోట్లో సువార్త. ఇసుకలోకి దిగగానే బండి కూరుకుపోయింది. ఆ లావు టైర్లతో, చిన్న గేరులో, గబగబా పెడళ్లు తిప్పుకుంటూ ఆవిడ నా పక్కనుంచి దాటిపోయారు.

“నువ్వు వాక్యం మోసుకొస్తున్నావని బండికి తెలవదు తమ్ముడూ! దిగి తొయ్యి!”

చెమటతో నేను చేరేసరికి ఆవిడ అప్పటికే నేల మీద కూర్చుని ఆ పాదం ఒళ్లో పెట్టుకున్నారు. నేను గ్రంథం తెరిచాను. పెద్దాయన నా వంక అనుమానంగా చూశాడు.

“కట్టు కట్టనీ,” అన్నారు ఆవిడ తలెత్తకుండానే. “ప్రభువు చెప్పిన కథలో ఆ దారిన పోయే సమరయుడు గాయాల మీద నూనె పోశాడు, ద్రాక్షారసం పోశాడు, కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకున్నాడు. ప్రసంగం చేసినట్టు ఎక్కడన్నా ఉందా? నువ్వే వెతికి చెప్పు.”

బడిలో కన్నా ఆ గ్రంథంలోనే అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి నేను. అక్కడికక్కడే ఆ అధ్యాయం తీసి వేలు పెట్టి చదివాను. లేదు. ఒక్క ముక్క కూడా లేదు.

“అయితే ఆ దూది అందుకో.”

పెద్దాయన నవ్వటం ఆరోజే చూశాను. “మీ ఆవిడే నయమయ్యా, ఇంత మాటనదు కాబోలు,” అన్నాడు.

“మా ఆవిడ సంగతి మీకేం తెలుసు?” అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం.

వానాకాలం నదికి నీళ్లొస్తే పడవలో సైకిలు వేసుకుని వెళ్లేవారు. లంకకు పోనవసరం లేని రోజుల్లో ఊరికే ఉండేవారా? కట్టలెంటా, కాలవగట్లెంటా పోయేవారు. కూచిపూడిలో ఆగి ఇడ్లీ తిన్నారట, నాట్యం నేర్చుకునే ఆడపిల్లలు మూగి గేర్లు మార్చి చూపించమన్నారట. చల్లపల్లి దగ్గర పల్లెలో ఒక నడివయసు మనిషి ఆపి, “మా అమ్మకి పురుడు పోసింది మీరేనంటగా, ఆ పుట్టినోణ్ణి నేనే,” అన్నాడట. రాత్రికి చుట్టాలింట్లో పడుకుని మర్నాడు కట్టు మార్చే వేళకు తిరిగి వచ్చేవారు. మోకాళ్లు ఎట్లా ఉన్నాయక్కా అంటే, “కూర్చుంటే ఏడుస్తున్నయ్, తొక్కితే నోరు మూసుకుంటున్నయ్,” అనేవారు.

ఆవిడ తొక్కిన తొక్కుడుకు పుండు అడుగు నుంచి పూడుతూ వచ్చింది. అరచెయ్యంత ఉన్నది చింతగింజంత అయింది. పోయిన సోమవారం కూడా వెళ్లి కట్టు మార్చి వచ్చారు.

బుధవారం పొద్దున భూస్థాపన చేశాం. మట్టి వేసి వస్తుంటే భాయ్ నా చొక్కా పట్టుకున్నాడు. “అయ్యగారూ, ఇవాళ కట్టు మార్చే రోజండీ.”

అతను ఆవిడ సైకిలు మీద, నేను ఇసుకలో మోపెడ్ తోసుకుంటూ లంకకు వెళ్లాం. పెద్దాయనకు కబురు అందలేదు. వాకిట్లో పీట మీద కాలు చాపుకుని బాట వంకే చూస్తున్నాడు. సైకిలు కనపడగానే చెయ్యి ఊపాడు. దగ్గరికొచ్చాక, తొక్కుతున్న మనిషి మగాడని తెలిసి, ఆ చెయ్యి అలాగే గాలిలో ఆగింది. చెప్పటం నా వంతయింది. ఎన్నో చావు ఇళ్లలో ఓదార్పు మాటలు చెప్పిన నోరు. ఆవిడ ఇక రారని మాత్రమే చెప్పగలిగింది.

పెద్దాయన కళ్లు తుడుచుకుని, “చేతులు కడుక్కోండి,” అన్నాడు. “సబ్బుతో. మోచేతి దాకా. ఆవిడ అట్టాగే చేసేది.”

కట్టించుకున్నవాడే వరస చెప్పాడు. భాయ్ గ్రీజు చేతులు ఎర్రబడేదాకా తోముకుని మందునీళ్లతో కడిగాడు. నేను గుడ్డ పట్టుకున్నాను. కట్టు వంకరగా వచ్చింది. విప్పి మళ్లీ కట్టాం. పెద్దాయన భార్య తలుపు దగ్గర నిలబడి, కనపడని కళ్లతో, “రేపణ్ణుంచి ఎవరొస్తారయ్యా?” అని అడిగింది.

ఆ ముసలమ్మకు జవాబు చెప్పటానికే ఇది రాసి, ఈ ఆదివారం ఆరాధన కాగానే మీ చేతుల్లో పెడుతున్నాను. బుధవారాలు నావి. శుక్రవారాలు నమాజు అయ్యాక భాయ్ వెళ్తానన్నాడు, మొన్న వెళ్లి వచ్చాడు కూడా. ఆదివారం ఇక్కడ కూటం వదిలి రానా అంటే, పెద్దాయనే ఒక్కరోజు ఓర్చుకుంటానన్నాడు. మిగిలింది సోమవారం. దానికి మనిషి లేడు. సోమవారం అంటే రేపు.

డాక్టరును అడిగాను. చింతగింజంత మిగిలిందని వదిలేస్తే మళ్లీ చీము పడుతుందట, అప్పుడు పాదం దక్కదట. ఆరోగ్య కేంద్రం అమ్మాయి ఈ సాయంత్రం మన గుడి వరండాలో కూర్చుని, వచ్చినవాళ్లకు కట్టు కట్టటం చేతికి నేర్పుతానంది. సైకిలు రాకపోతే నడవండి. నడవలేకపోతే నడిచేవాణ్ణి వెంటబెట్టుకు రండి. ప్రార్థన చేసుకుని చెబుతామండీ అని నాతో అనకండి, ఆ ప్రార్థన దారిలో చేసుకోవచ్చు. అన్నం తిన్నాక కునుకు తియ్యకండి. చీకటి పడక ముందే, ఇవాళే, లేచి రండి. రేపు పొద్దున్నే ఆయన పీట మీద కాలు చాపుకుని కూర్చుంటాడు.