ఇంటిపేరు లేని రోగులకు రూతక్క రాసిన క్వెరీ

2007 వానాకాలంలో ఒకరోజు, రిపోర్టులు దొరకడం లేదని రామంతాపూర్‌లోని ఒక ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ల ముందు మా మేనేజరు సత్యనారాయణమూర్తి రూతక్కను చూపించి, "ఇదంతా ఈ అమ్మాయి సొంత ప్రయోగమండీ. శనివారంలోగా తీసేయిస్తాం," అన్నాడు. ఆ ప్రయోగానికి ఒప్పుకున్నది ఆయనే. దాన్ని గొప్పగా చెప్పుకుని వాళ్లకు సాఫ్ట్‌వేర్ అమ్మిందీ ఆయనే. తీసేస్తే దాంతోపాటే రూతక్క ఉద్యోగమూ పోతుందని గదిలో మాకందరికీ తెలుసు.

మా ఆఫీసు నాచారంలో, ఒక బోల్టుల గోదాము మీద. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. రోగుల వివరాలు దాచే డేటాబేసుగా చిన్న నర్సింగ్ హోములు ఉచితంగా దొరికే మైసీక్వెల్ వాడేవి, పెద్ద ఆసుపత్రులు ఒరాకిల్ కొనేవి. ఒక డేటాబేసుకు అర్థమయ్యే ప్రశ్న ఇంకోదానికి అర్థం కాదు. మొదటి ఇరవై మంది రోగులను చూపించమంటే మైసీక్వెల్‌కు చివర 'లిమిట్' అని రాస్తే చాలు. ఒరాకిల్‌కు ఆ మాటే తెలియదు, వరస నంబరు పెట్టి అడగాలి. అందుకని ప్రతి ప్రోగ్రామూ రెండుసార్లు రాసి చచ్చేవాళ్లం. రూతక్క మధ్యలో ఒక పొర రాసింది, మూర్తి తీసేయిస్తామన్నది దాన్నే. మేం ఒక్క తీరుగా అడిగితే, అవతల ఏ డేటాబేస్ ఉందో చూసి దానికి తగిన క్వెరీని, అంటే ప్రశ్నను, ఆ పొరే తయారుచేస్తుంది.

రాసేముందు ఆమె ప్రతి ప్రశ్ననూ రెండు డేటాబేసులకూ చేత్తో టైపు చేసి అడిగేది. వచ్చిన జవాబులను రూళ్ల నోట్‌బుక్కులో ఎక్కించేది. ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాసే ఏలియా కూతురు ఆమె. పెద్ద కాలేజీల పేర్లు చెప్పుకునేవాళ్లు మా దగ్గర నలుగురుండేవాళ్లు. వాళ్ల బుర్రలకు ఇది తట్టలేదు.

ఒరాకిల్ వాడే ఆ ఆసుపత్రిలో వచ్చిన చిక్కేమిటంటే, కొందరి రక్తపరీక్ష రిపోర్టులు కంప్యూటర్లో దొరకడం లేదు. మర్నాడు రూతక్కా నేనూ ఉప్పల్‌లో షేర్ ఆటో ఎక్కి వెళ్లి ల్యాబు కౌంటరు పక్కన కూర్చున్నాం. ఒక ముసలమ్మ వచ్చింది.

"ఇంటిపేరేంది అవ్వా?" అన్నాడు క్లర్కు దుర్గేష్.

"ఇంటిపేరెందుకు? దమ్మాయిగూడకొచ్చి సాలమ్మ అను, కుక్కలు గూడ ఇల్లు సూపిస్తయి."

"నీ పేరే లేదంటుంది కంప్యూటర్."

"రక్తం గుంజేటప్పుడు ఉంటిని గద బిడ్డా!"

రూతక్క పకపకా నవ్వింది. అంతలోనే ఆగి, దొరకని రిపోర్టుల చీటీలన్నీ తెమ్మంది. పదకొండు. పదకొండింటిలోనూ ఇంటిపేరు గడి ఖాళీ. మైసీక్వెల్ ఖాళీని కూడా ఒక విలువగానే దాచుకుంటుంది. ఒరాకిల్ మాత్రం అక్కడ ఏమీ లేదనుకుంటుంది. 'ఇంటిపేరు ఖాళీతో సమానమా?' అని అడిగితే ఎప్పటికీ అవుననదు, అందుకే ఆ రోగులు దొరకలేదు.

మా పరీక్షల్లో ఇది బయటపడకపోవడానికి కారణం నేనే. ఉత్తుత్తి రోగుల పేర్లు రెండు వందలు కావాలంటే, మూర్తి తన కూతురి పెళ్లి పిలుపుల జాబితా ఇచ్చాడు. నేను దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించాను. ఆ పెళ్లికి ఇంటిపేరు లేనివాళ్లెవర్నీ పిలవలేదు.

రూతక్క ఒరాకిల్ వైపు మాత్రమే మార్చింది. ఖాళీతో పోల్చమని మేం అడిగితే, ఆ పొర 'గడిలో ఏమీ లేదా?' అని తిప్పి అడుగుతుంది. శనివారం అందరి ముందూ నడిపి చూపించింది. పదకొండు రిపోర్టులూ వచ్చాయి.

"మరి టెస్టింగులో ఎందుకు దొరకలేదు? ఎవరు చేశారు?" అన్నాడు మూర్తి.

నేను చీటీలు సర్దడం మొదలుపెట్టాను.

"ఖాళీ గడి పెట్టి అడుగుడు నేనే మర్సిన సార్. నా నోట్‌బుక్కుల లేదది," అంది రూతక్క.

పొర నిలిచింది, ఆమె ఉద్యోగమూ నిలిచింది. ఇంకొకరి తప్పు అంత తేలిగ్గా మీదేసుకున్న మనిషిని నేను పుస్తకాల్లో కూడా చూడలేదు.

తర్వాత ఆమె వేరే కంపెనీకి మారింది. 2014 ఏప్రిల్‌లో ఉప్పల్ బస్టాండులో కలిసింది. మూర్తి ఇప్పుడు డైరెక్టరనీ, ఆ పొరను ఇంకా తనదనే చెప్పుకుంటున్నాడనీ కడుపుమంటతో చెప్పాను.

"ఆయన ముచ్చట నాకెందుకు తమ్మీ? పోస్ట్‌గ్రెస్ డేటాబేసుకు గూడ ఆ పొర రాస్తున్నరంట గద. ఇంగ్లీషుల పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అది వేరే వేరే అనుకుంటది, మైసీక్వెల్ లెక్క గాదు. జర సూస్కోన్రి. రాసినంక నాకు పంపు, ఆదివారం చర్చి అయినంక సదివి చెప్త."