రేణుకక్క ఎడమ చెయ్యి

2023 వానాకాలం. సోలాపూర్ భవాని పేట్‌లో ఒక పవర్‌లూమ్ షెడ్డు మీది గదిలో మా సంగీతం క్లాసు నడిచేది. నా పని పాట నేర్పడం కాదు, కంప్యూటర్ గేమ్‌తో తాళం సాధన చేయించడం. తెర మీద రంగు చుక్కలు పైనుంచి జారుతుంటాయి. చుక్క కింది గీతను తాకగానే రబ్బరు ప్యాడ్‌ను కొట్టాలి. సరిగ్గా పడితే పచ్చ గుర్తు, ముందో వెనకో పడితే పసుపు. అక్కర్లేని దెబ్బ పడితే ఎరుపు, దాన్ని ‘ఎక్స్‌ట్రా’ అంటాం.

రేణుకక్క బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ నుంచి వచ్చేది. ఇంట్లో బీడీలు చుడుతుంది. వాళ్ల ఆడవాళ్ల భజన మండలిలో ధోలక్ ఆమెదే. రాఖీ పున్నమికి మార్కండేయుడి రథం వెనక మండలి నడిచేటప్పుడు తాళం జారకూడదని సాధనకు చేరింది.

మిగతావాళ్లు ప్యాడ్లను టేబుల్ మీద పెట్టి పుల్లలతో కొట్టేవారు. రేణుకక్క కుర్చీని చూసి నవ్వింది.

“కాళ్లు యాలాడితే నాకు చేతులు నడువయి మేడం. కిందనే కూసుంట.”

ప్యాడ్లు రెండూ నేల మీద పెట్టాను. ఆమె వేళ్లతో మెత్తగా కొడుతుంది కాబట్టి సెన్సిటివిటీ, అంటే ప్యాడ్ ఎంత చిన్న దెబ్బను గుర్తుపట్టాలన్నది, బాగా పెంచాను. నా మాట ఆమెకు వినిపించేది కాదు.

“జర గట్టిగ మాట్లాడరాదు! కింద మగ్గమే నీకన్న నయం.”

మొదటి వారమే ఎర్ర గుర్తులు మొదలయ్యాయి. కొట్టాల్సిన దెబ్బలు బాగానే పడుతున్నాయి, వాటి మధ్య మాత్రం ఎక్స్‌ట్రాలు. ఎక్కువగా ఎడమ వైపు. ధోలక్ వాయించేవాళ్లు దెబ్బకూ దెబ్బకూ మధ్య చేతుల్ని తోలు మీదే ఆనించి ఉంచుతారు. ఆనించిన చెయ్యి అదురుతోందని తెర చెబుతున్నట్టు నాకు అనిపించింది. ఆమెకూ అలాగే అనిపించిందని రెండో వారంలో తెలిసింది.

“మా బాపుకు గిట్లనే షురూ అయింది,” అంది, తెర మీంచి చూపు తిప్పకుండా. “ముందుగాల ఎడమ చెయ్యే. మగ్గం మీద తెగిన పోగు అతుకబెట్టరాకపాయె. ఆఖరికి చాయ్ కప్పు గుడ పట్టుకోలే.”

“డాక్టరుకు చూపించావా అక్కా?”

“చూపిస్తే బీమారికి పేరు పెడ్తడు. పేరు పెడితే అది ఇంట్లకొస్తది. నువ్వు గుడ ఎవ్వలకు చెప్పకు.”

డాక్టరు దగ్గరికి తప్పక వెళ్లమని ఎలా చెప్పాలో డైరీలో రకరకాలుగా రాసుకునేదాన్ని. ఆమె ఎదురుగా కూర్చోగానే డైరీ మూసి గేమ్ మొదలుపెట్టేదాన్ని. ఆమె చేతుల్ని చూసేదాన్ని. అదురు కనిపించేది కాదు. కంటికి ఆననంత చిన్నదేమో, సెన్సర్‌కు మాత్రమే తెలుస్తోందేమో అని మరింత భయపడేదాన్ని.

పున్నమి దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం వచ్చీ రాగానే అంది: “ధోలక్ మా చిడతలు కొట్టే సుశీలకు ఇస్తనని చెప్పిన. నడుమల చెయ్యి ఆగితే మండలి ఇజ్జత్ పోతది. ఇయ్యాల్టికే వస్త మేడం, బస్.”

గేమ్ మొదలుపెట్టాను. కాసేపటికి కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. ఆమె ఆపలేదు. తెర మీద పచ్చ, పచ్చ, ఒక పసుపు, మళ్లీ పచ్చ. ఎరుపు ఒక్కటీ లేదు.

“ఇయ్యాల మంచిగనే ఉందే,” అని నేనన్న మాట గదంతా వినిపించి నేనే ఉలిక్కిపడ్డాను. కరెంటుతో పాటే కింద మగ్గాలూ ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే బతుకుతున్నవాళ్లం. అది ఉన్నప్పుడు మా చెవికి ఆనదు, దాంతో నేల అదురుతోందని కాలికీ తెలియదు.

కరెంటు వచ్చింది. మగ్గాలు అందుకున్నాయి.

“అక్కా, చేతులు తియ్యి. ప్యాడ్ ముట్టకు.”

ఆమె రెండు చేతులూ గాల్లోకి ఎత్తింది. తెర మీద ఎడమ వైపు ఎర్ర గుర్తు పడింది. కాసేపాగి ఇంకొకటి.

“అరే దేవా! ఎవలు కొడుతుర్రు?”

“కింది మగ్గం, అక్కా. ఎడమ ప్యాడ్ సరిగ్గా దాని మీదే ఉంది. నేల అదురును ప్యాడ్ దెబ్బ అనుకుంటోంది. టేబుల్ కాళ్లకు రబ్బరు ఉంది కాబట్టి మిగతావాళ్లకు రాలేదు.”

ఆమె ఎత్తిన చేతులు దించలేదు. వాటిని తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏం చేయాలో తోచక నేను కిందికి వెళ్లి షెడ్డులోంచి రెండు చద్దర్లు అడిగి తెచ్చి, మడిచి ప్యాడ్ల కింద పరిచాను. మళ్లీ వాయించింది. ఎరుపు పోయింది. తాళం వేగం పెరిగిన చోట నాలుగైదు పసుపులు మిగిలాయి.

“గవ్వి గుడ మగ్గానియ్యేనా?”

“కాదు. అవి నీవే. స్పీడ్ పెరిగితే ఎడమ చెయ్యి వెనకబడుతోంది.”

“నావేనా!” అని ఎంత సంతోషంగా అడిగిందంటే నాకు నవ్వొచ్చింది. “నావైతే దిద్దుకుంట తియ్యి.” అక్కడే ఫోన్ తీసి సుశీలతో అంది: “ఏమే, నువ్వు చిడతలే కొట్టు. ధోలక్ నాది. గదేందో తర్వాత చెప్త, ఫోన్ పెట్టు ముందు.”

పున్నమి నాడు రథం వెనక జనంలో నిలబడి విన్నాను. మలుపు దగ్గర ఒకసారి ఎడమ చెయ్యి వెనకబడింది. ఆమే నవ్వుకుని సర్దుకుంది.

ఇప్పుడు ఎవరు కొత్తగా చేరినా ముందు గేమ్ నడిపి, ప్యాడ్ ముట్టొద్దంటాను. ఊరికే తెర చూస్తూ కూర్చోవడం వాళ్లకు వింతగా ఉంటుంది, ఎందుకని అడుగుతారు. చెయ్యి గురించి ఒక మాట అనే ముందు, చెయ్యి లేకుండా ఒకసారి చూడాలని చెబుతాను. ఆ మాట మాత్రం మగ్గాల చప్పుడు మీద వినిపించేంత గట్టిగానే చెబుతాను.