జాకెట్ ముక్క ఎగరేసిన ఆదివారం

నేను కెమెరా సంచీ తీస్తే చాలు, మా అమ్మ దగ్గర ప్రమాదాల జాబితా సిద్ధంగా ఉండేది. పాములు, జారుడు బండలు, మగాళ్లు. అందులో క్వారీ లేదు. ఆ తప్పు మా ఇద్దరిదీ.

తొంభైల చివర్లో నందిగామలో జువాలజీ లెక్చరర్‌ని. ఆదివారం వస్తే మోపెడ్ మీద జగ్గయ్యపేట దాటి ముక్త్యాల వైపు వెళ్లేదాన్ని. అక్కడ సిమెంటు రాయి తవ్వే క్వారీ ఒకటుంది. సగంలో పని సాగుతోంది, సగం వదిలేశారు. వదిలేసిన వైపు గోడ గూట్లో కొమ్ముల గుడ్లగూబల జంట రెండు పిల్లల్ని పెంచుతోంది. వాటి కోసం అప్పటికే నాలుగు ఆదివారాలు, మూడు ఫిల్ము రోల్స్ ఖర్చయ్యాయి.

"పోయి పోయి గుడ్లగూబా! నెమలి దొరకలేదూ నీకు?" అనేది అమ్మ. నన్నెలాగూ ఆపలేనని, వేదాద్రిలో అమ్మవారి దగ్గర పెట్టి తెచ్చిన ఎర్ర జాకెట్ ముక్క సంచీలో కుక్కింది.

ఐదో ఆదివారం ఎవరికీ చెప్పకుండా గుంటలోకి దిగా. ఆదివారం మందు పేల్చరని నా నమ్మకం. తిరిగి ఎక్కే దారి గుర్తుండాలని పైన తుమ్మకొమ్మకి ఆ జాకెట్ ముక్క కట్టా. చదువుకున్నదాన్ని కదా, ముందుచూపు ఎక్కువ.

రెండు గంటల తర్వాత, పిల్లలు రెండూ ఒకేసారి నా వైపు చూసిన ఫొటో తీసుకుని, మోచేతులు గీరుకుపోయి పైకొచ్చా. తుమ్మచెట్టుకి వంద గజాల దూరంలో, లారీల వెనక ఇరవై మంది గొంతుక్కూర్చుని ఉన్నారు. మేస్త్రీ లేచాడు.

"ఎవరమ్మా జెండా ఎగరేసింది?"

"జెండా కాదండి, జాకెట్ ముక్క."

"ఎర్రగా ఉందా లేదా?"

ఉంది. క్వారీలో ఎర్రగుడ్డ ఎగిరిందంటే అక్కడ మందు కూరారని అర్థమట. ఎగరేసినవాడే దించాలి, అందాకా ఇంకెవరూ ముట్టుకోరు, ఇంకోచోటా పేల్చరు. ఆ రోజు రాయి కోసం లారీలు నిలిచిపోయాయని ఆదివారమైనా పనిలోకొచ్చారు. గుడ్లగూబల గోడకి అవతల వైపు మందు కూరి, ముట్టించబోతూ నా గుడ్డ చూసి ఆగిపోయారు.

"అది కట్టకపోతే?" అన్నా.

"మీరిప్పుడు ఈ మాట అడిగేవాళ్లు కాదు మేడమ్" అన్నాడు మేస్త్రీ. నేనే వెళ్లి గుడ్డ దించా.  

కబురు నాకంటే ముందే నందిగామ చేరింది.

"చూశావా, తల్లి కాపాడింది. ఇంక వెళ్లకు" అంది అమ్మ.

"కాపాడుతోందిగా, వెళ్తే ఏం?"

"ఒకసారి కాపాడిందని వారం వారం పని చెప్తావా ఆవిడకి?"

సోమవారం ప్రిన్సిపాల్ గారు పిలిచి, "ఆడపిల్లవి, ఆ గుంటలెందుకమ్మా? మానెయ్. లేదంటే మన ఫిజిక్స్ ఆయన్ని తోడు తీసుకెళ్లు" అన్నారు. ఆ ఫిజిక్స్ ఆయన, గోడ మీద బల్లి కనిపిస్తే క్లాసురూము మార్చమని అడిగిన మనిషి.

"అదే గుంటలో రోజూ ఇరవై మంది దిగుతారండి. వాళ్లనెవరూ మానెయ్యమనట్లేదు. ఎలా దిగాలో నేర్పారు. నేనూ నేర్చుకుంటా" అన్నా. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. అది ఒప్పుకోవడం కాదు. నేను అనుమతీ అడగలేదు.

ఆరో ఆదివారం తిన్నగా క్వారీ షెడ్డుకి వెళ్లా. లారీల పని ఇంకా తెమల్లేదని ఆ రోజూ అందరూ పనిలోకొచ్చారు. గుమ్మం పక్కన నల్లబల్ల. గుంటలో ఎందరున్నారో దాని మీద రాస్తారు. అందరూ పైకొచ్చి అంకె సున్నా అయితే తప్ప మందు ముట్టించరు. ఐదు ఆదివారాలు దాని పక్కనుంచే మోపెడ్ పోనిచ్చా, ఒక్కసారీ చదవలేదు.

మేస్త్రీ నన్ను చూసి నిట్టూర్చాడు. "మళ్లీ వచ్చారా?"

"పిల్లలకి రెక్కలొస్తున్నాయండి. ఎగిరేదాకా వస్తా."

సంచీ తెరిచి చూపించమన్నాడు. అమ్మ ఈసారి పసుపుపచ్చ ముక్క పెట్టింది. చూసి తలూపి, సుద్దముక్క తీసుకుని ఇరవై కొట్టేసి ఇరవై ఒకటి రాశాడు.

ఆ లెక్కలో గుడ్లగూబలు నాలుగింటినీ కలపమన్నా. వాటికి చదువొచ్చాక చూద్దామన్నాడు.